టెక్ సందేహాలు: డ్రమ్ములో బ్రహ్మాండం, సముద్రంలో మొండికేత

ప్రశ్న: మాది ఉప్పాడ. మా ఫైబర్ బోటుకి 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఓబీఎం (బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు) ఉంది. రెండు సిలిండర్లు, బాగా పాతది. వేట నిషేధం రోజుల్లో రింగులు మార్పించి, కార్బరేటర్ కడిగించాం. నీళ్ల డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ బ్రహ్మాండంగా ఉంటోంది. నీళ్లలోకి దిగి గేరు వేయగానే ఆగిపోతోంది. ఒక్కసారిగా రేస్ ఇస్తే దగ్గినట్టు చప్పుడు చేసి ఆలస్యంగా అందుకుంటోంది. కార్బరేటర్‌లో పెట్రోలు పాళ్లు మార్చే స్క్రూ ఎన్ని చుట్లు వదలాలి?

జవాబు: ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి. మా నాన్నగారి పాత స్కూటరు ఏ షెడ్డుకి వెళ్లినా మొదట తిరిగేది కార్బరేటర్ స్క్రూనే. తీరా చూస్తే ఒకసారి ప్లగ్గు, ఇంకోసారి పెట్రోలు పైపు. రిపేరు తర్వాత ఇంజిన్ సరిగా నడవకపోతే స్క్రూ దగ్గరికి ఆఖర్న రావాలి.

మొదట కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడండి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజిన్ బాడీకి తగిలించి, ప్లగ్గు రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తాడు లాగాలి. గేజిలో ఎంత వచ్చిందన్నదానికన్నా రెండు సిలిండర్లకీ తేడా ఎంతన్నది ముఖ్యం. పది శాతం దాటితే ఎంత ట్యూనింగ్ చేసినా దండగే. తర్వాత స్పార్క్. ఫ్లైవీల్ విప్పి ఉంటే దాని కింద ఉండే చిన్న తాళం ముక్క (మెకానిక్కులు 'కీ' అంటారు) అరగలేదు కదా అని అడగండి. అది కాస్త పక్కకి జరిగినా స్పార్క్ పడే టైమింగ్ మారిపోతుంది. మనం కార్బరేటర్‌ని తిడుతూ కూర్చుంటాం.

ఇక ఆ దగ్గు. పాత ఓబీఎంలలో చాలావాటికి థ్రాటిల్ తిప్పినప్పుడు రెండు పనులు జరుగుతాయి: స్పార్క్ టైమింగ్ ముందుకు జరగడం, కార్బరేటర్‌లో గాలి దారికి అడ్డుండే రేకు తెరుచుకోవడం. రెండూ జత కుదరాలి. పక్కన ఒక కామ్ (వంపు తిరిగిన ముక్క), దాని మీద దొర్లే చిన్న రోలరు, కామ్ మీద సన్నటి గీత ఉంటాయి. ఇంజిన్ ఆపి ఉంచి, థ్రాటిల్‌ని మెల్లగా తిప్పుతూ చూడండి. ఆ గీత రోలరు మధ్యకి వచ్చినప్పుడే రేకు కదలడం మొదలవ్వాలి. కార్బరేటర్ విప్పి మళ్లీ బిగించినప్పుడు తప్పేది ఎక్కువగా ఇదే. మీ మోడల్‌లో గీత లేకపోతే మాన్యువల్‌లో ఇచ్చిన కొలత పట్టుకోండి.

ఇవన్నీ సరిపోయాకే స్క్రూ. మెల్లగా, ఆనేవరకు మాత్రమే బిగించండి. గట్టిగా తిప్పితే సూది మొన దెబ్బతింటుంది. అక్కణ్నుంచి మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వదలండి. చాలా మోడళ్లలో ఇది ఒకటి నుంచి ఒకటిన్నర మధ్య ఉంటుంది. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే.

అసలు సెట్టింగు డ్రమ్ములో కుదరదు. అక్కడ ఇంజిన్ మీద లోడు లేదు, దాని పొగ దానికే తిరిగి వస్తుంది. మీ ఇంజిన్ గేరులో ఆగిపోవడానికి, దగ్గడానికి ఇదే కారణమని నా అనుమానం: లోడు లేనిచోట సెట్ చేసిన మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది. బోటుని ఉప్పుటేటిలో వెనక నుంచి గట్టిగా కట్టేసి, ఇంజిన్ వేడెక్కాక, ముందు గేరులో, స్లోలో ఉంచి తిప్పండి. ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు. పదిహేను సెకన్లు ఆగండి. చాలావాటిలో బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది (కొన్నింటిలో తిరగబడి ఉంటుంది, చూసుకోండి). దగ్గు మొదలయ్యే చోటు ఒకటి, ఇంజిన్ కుంటుతూ పొగ పెంచే చోటు ఒకటి దొరుకుతాయి. రెండింటి మధ్యా ఆపి, కొంచెం పెట్రోలు ఎక్కువ వైపు ఉంచండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది కాబట్టి పాత మాన్యువల్ అంకె కన్నా ఒక పిసరు ఎక్కువే అడుగుతుంది. ఫ్లైవీల్ తిరుగుతుంటుంది, లుంగీ అంచు, తువ్వాలు జాగ్రత్త.

ఈ స్క్రూ స్లోకే. ఫుల్ స్పీడు మెయిన్ జెట్టు (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చేతిలో ఉంటుంది.

కొత్త రింగులు కాబట్టి మొదటి 10 గంటలు సాధారణంగా ఆయిల్ రెట్టింపు కలుపుతారు. మామూలు పాళ్లు 50కి 1 అయితే పది లీటర్లకి 200 మిల్లీలీటర్లు. ఈ పది గంటలూ 400. ఆయిల్ పెరిగిన మేరకు పెట్రోలు తగ్గుతుంది కాబట్టి, మామూలు పాళ్లకి వచ్చాక స్క్రూ మరోసారి చూసుకోవాలి. ఈలోగా ప్లగ్గు నల్లగా ఉందని కంగారు పడకండి. ఆయిల్ డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (బోటు టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి, బైకు 2టీ ఆయిల్ వద్దు.

ప్రశ్న: ఆర్పీఎం మీటరు లేదు. ఫోన్‌తో కొలవచ్చా?

జవాబు: కొంతవరకు. ధ్వని పౌనఃపున్యం చూపించే స్పెక్ట్రమ్ యాప్ వేసుకోండి. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఒక చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. కాబట్టి హెర్ట్జ్ అంకెని 30తో గుణిస్తే ఆర్పీఎం: 167 హెర్ట్జ్ అంటే సుమారు 5,000. అదే స్పీడులో 83 దగ్గర పెద్ద గీత లేచిందంటే ఒక సిలిండర్ పనిచేయడం లేదేమో చూడండి. స్లోలో మాత్రం నమ్మకండి, అంత లోతు చప్పుడు ఫోన్ మైకులకి సరిగా అందదు. ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న డిజిటల్ మీటరే నాకైతే ఇష్టం.

ప్రశ్న: నిషేధం 61 రోజులూ ట్యాంకులో మిగిలిన పెట్రోలు వాడొచ్చా?

జవాబు: ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకి దిగిపోతుంది. ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. పైపు పీల్చేది అడుగు నుంచే. అంటే ఆయిల్ లేని నీళ్లు మీ కొత్త రింగుల మీదకి. సీసాలో రెండు పొరలు కనిపిస్తే ఆ పెట్రోలు వదులుకోండి, చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి మెత్తబడిందేమో కూడా చూడండి.