మైనస్ 40,000, దేనికంటే?

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మల్యాల ఎత్తిపోతల నుంచి హంద్రీ-నీవా కాలువలోకి నీళ్లు పడే దృశ్యం బాగా రాశావు. కానీ మూడో పేజీలో, కంప్యూటర్‌లో నడిపిన పంపు నమూనాను వర్ణిస్తూ, "పంపులో తిరిగే ఇంపెల్లర్ చక్రం రెక్క వెనుక పీడనం మైనస్ 40,000 పాస్కల్స్‌కు పడిపోయి శూన్యం ఏర్పడింది" అన్నావు. అది చదివాక మిగతా పేజీలు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మైనస్ 40,000 సరే, దేనికంటే? సున్నా ఎక్కడ పెట్టారో ఒక్క ముక్క రాయలేదు. నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు పీడనాల మధ్య తేడాతోనే పని. సున్నా ఎక్కడ పెట్టాలన్నది నడిపేవారి ఇష్టం. వాతావరణ పీడనాన్నే సున్నా అనుకున్నారనుకో. కర్నూలు ఎత్తులో అది సుమారు 98,000 పాస్కల్స్. అంటే రెక్క వెనుక ఇంకా 58,000 మిగిలే ఉంది. 30 డిగ్రీల నీళ్లు ఆవిరి బుడగలు కట్టాలంటే సుమారు 4,200కు దిగాలి. ఇక శూన్యం ఎక్కడిది? అలా కాక పంపు బయటి మూతి దగ్గర సున్నా పెట్టి ఉంటే, మూతికంటే అక్కడ 4 మీటర్ల నీటి స్తంభమంత పీడనం తక్కువని మాత్రమే అర్థం. పైగా ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లెక్కలకు పీడనాన్ని సాంద్రతతో భాగించి చూపిస్తారు. నీటికైతే 1,000తో గుణిస్తే గానీ పాస్కల్స్ రావు. ఆ సంగతి కనుక్కున్నావా?

కర్నూలులో పంపులు బాగుచేసే షెడ్డులో ఒక మెకానిక్ నాకు ఆగి ఉన్న పంపు గేజ్ చూపించాడు. అద్దం మీద గ్రీజు మరక, ముల్లు సున్నా మీద. "ఇది గాలి సున్నా సార్, ఖాళీ సున్నా కాదు" అన్నాడు. అంటే ముల్లు సున్నా చూపినా అక్కడ వాతావరణ పీడనం ఉందని. ఆ మాటతో వ్యాసం రాసి పంపితే సంపాదకుడు అంకెలన్నీ కొట్టేశాడు. పీడనాన్ని రంగుల్లో చూపే కంప్యూటర్ బొమ్మ వేసి, ఏ రంగు ఎంత పీడనమో చెప్పే కొలత పట్టీని పక్కనుంచి కత్తిరించాడు. పాఠకులు అంకెలకు భయపడతారట! బోరు లోతు, మోటారు హార్స్‌పవర్ నిద్రలో లేపి అడిగినా చెప్పే రైతులున్న జిల్లా ఇది. ఎరుపంటే ప్రమాదమని రాసే ఫ్యాషన్ అలా పట్టీలు కత్తిరించడం వల్ల పుట్టిందే. ఎరుపు ఆ పట్టీకి పై అంచు, అంతే. అంచులు మార్చితే అదే బొమ్మ నీలమైపోతుంది.

పుస్తకం వేయడం గురించి, ప్రచురణకర్తల గురించి అడిగావు. అవి తర్వాత. ముందు ఆ నమూనా నడిపిన ఇంజినీరు దగ్గరికి మళ్లీ వెళ్లు. సున్నా ఎక్కడ పెట్టారో, పట్టీ అంచులు ఎంతో, లెక్క కోసం నీటిని విడగొట్టిన గళ్లను, అంటే మెష్‌ను, ఇంకా సన్నం చేస్తే ఆ 40,000 నిలుస్తుందో మారుతుందో అడిగి, మూడో పేజీ తిరగరాసి పంపు.