బహుశ్రుతుడు కావాలనుకునే అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, నీ ఉత్తరం అందింది. రోజూ రానూ పోనూ పట్టే రెండు గంటల ప్రయాణంలో విజ్ఞాన సర్వస్వం వ్యాసాలు వింటున్నావని చదివి సంతోషించాను. ఆ తర్వాతి వాక్యం చదివి నవ్వుకున్నాను. వారంలో అరవై రెండు వ్యాసాలు, అదీ రెట్టింపు వేగంలో! సరే, మంగళవారం విన్నవాటిలో ఏదో ఒకదాని గురించి నాలుగు ముక్కలు చెప్పగలవా? చెప్పలేవని నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు చెప్పలేకపోయినదాన్నే.

నాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. చదవకుండా పూట గడవని మనిషిని కదా, ఫోను చేత వికీపీడియా వ్యాసాలు చదివించుకోవడం మొదలుపెట్టాను. దొరికిందల్లా విన్నాను. ఒకరోజు ఇండోనేషియాలోని రెండు అగ్నిపర్వతాల గురించి ఒకదాని వెంట ఒకటి విన్నాను. కొన్నాళ్ళకు నలుగురు కూర్చున్న చోట గొప్పగా చెప్పాను: "1816లో ఐరోపాకు వేసవే రాలేదు. క్రకటోవా బద్దలై ఆ బూడిద ఎండను కమ్మేసింది." పక్కన బొమ్మలు వేసుకుంటున్న పదేళ్ళ పిల్ల తల కూడా ఎత్తకుండా అడిగింది: "క్రకటోవా 1883లో కదా పేలింది? 1816లో వేసవిని ఎలా ఆపింది?"

ఆ రాత్రి రెండు వ్యాసాలూ మళ్ళీ విన్నాను. ఈసారి ఆపుకుంటూ విన్నాను. వేసవిని మింగింది తంబోరా. అది 1815 ఏప్రిల్‌లో పేలింది. అడ్డుపడింది బూడిద కూడా కాదు, గంధకపు వాయువుల వల్ల పైవాతావరణంలో ఏర్పడి నెలల తరబడి నిలిచిపోయిన సన్నని తుంపర. అప్పటికి తీగల మీద కబురు పంపే టెలిగ్రాఫు లేదు. తమ పంటలు ఎందుకు పోయాయో ఐరోపా రైతుకు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. క్రకటోవా పేలిన 1883 ఆగస్టు నాటికి సముద్రాల అడుగున తీగలు పరిచి ఉన్నాయి. కబురు వెంటనే లోకమంతా పాకింది. తంబోరా తీగకు ముందు, క్రకటోవా తీగకు తర్వాత. తగిలించుకోవడానికి ఇంత చిన్న కొయ్య దొరికాక ఆ రెండూ నా బుర్రలో మళ్ళీ కలవలేదు. మొదటిసారి విన్నప్పుడు కూడా ఈ విషయాలన్నీ నా చెవిన పడ్డాయి. నేను ఆగలేదు, అంతే.

అందుకే నీకు మొదటగా చెప్పేది ఇదే: వినడం నీకు వచ్చు, ఆపడం నేర్చుకో. చాలా తెలిసినవాణ్ణి మనం బహుశ్రుతుడు అంటాం. చాలా విన్నవాడని ఆ మాటకు అర్థం. అయితే ఆ రోజుల్లో విన్నవాడు విని ఊరుకోలేదు, గురువు ముందు తిరిగి అప్పజెప్పాడు. ఒక్కసారి వింటే పట్టేసే ఏకసంథాగ్రాహులు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. మన ఇంట్లో అయితే ఎవరూ లేరు. మనకున్న దారి నెమరు వేయడమే.

ఎలాగంటావా? ఒక వ్యాసంలో ఒక భాగం అయిపోగానే ఆపు. ఇప్పుడు విన్నదాన్ని పెదవులు కదిలేలా, తెలియని వాడికి చెబుతున్నట్టు మూడు నాలుగు వాక్యాల్లో చెప్పుకో. బస్సులో పక్కవాడు వింతగా చూస్తాడంటావా, చూడనీ. చెప్పలేకపోయావా, అర నిమిషం వెనక్కి వెళ్ళి మళ్ళీ విను. ఇది నేను కనిపెట్టింది కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు గెలిచారు. నీ అరవై రెండు వ్యాసాల సంబరం ఆ అయిదు నిమిషాల సంబరమే నాన్నా.

ఎక్కడ ఆపాలో చెవికే తెలుస్తుంది. "అదెలా?" అని లోపల గుచ్చుకున్న చోట ఆపాలి. సముద్రంలో రేఖాంశం కనిపెట్టే ఉపాయం చెప్పినవారికి 20,000 పౌండ్ల వరకు బహుమానం ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. జాన్ హారిసన్ అనే వడ్రంగి గడియారం చేసి ఆ చిక్కు విప్పాడు. ఇది వింటున్నప్పుడు నాకు గుచ్చుకుంది. పడవ ఎక్కడుందో గడియారం ఎలా చెబుతుంది? ఫోను బోర్లించి పెట్టి కాగితం తీసుకున్నాను. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15. పడవలో ఉన్నవాడికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, అతని మధ్యాహ్నం పన్నెండు. రేవులో సరిచేసుకుని తెచ్చుకున్న గడియారం మూడు చూపుతోంది. రేవులో మధ్యాహ్నం దాటి మూడు గంటలైంది, తనకు ఇప్పుడే అయింది. కాబట్టి రేవుకు పడమట 45 డిగ్రీల దూరంలో ఉన్నాడు. పది నిమిషాలు పట్టింది. అసలు కష్టం ఉపాయంలో కాదు, ఊగే పడవలో, మారే వేడిలో సమయం తప్పని గడియారం చేయడంలో ఉందని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత విన్న హారిసన్ జీవితం నాకు వేరే కథలా వినిపించింది. నలభై ఏళ్ళకు పైగా ఆ మనిషి దానితోనే ఎందుకు కుస్తీ పట్టాడో తెలిసి విన్నాను మరి.

ఇక యంత్రం గొంతు సంగతి. దాని చదువు తీరే వేరు. పేజీలో వాక్యాల చివర చిన్నగా ఉండే సూచిక అంకెలను కొన్ని యాప్‌లు చదివేస్తాయి. "1776లో మరణించాడు ఏడు ఎనిమిది" అని విని, పాపం ఎన్నిసార్లు పోయాడో అనుకున్నాను. క్రీ.పూ. అన్నది కొన్నిసార్లు ఏదో పక్షి కూతలా వస్తుంది. రోమన్ అంకెలతో ఉన్న రాజుల పేర్లు అక్షరాలక్షరాలుగా ఊడిపడతాయి. నాలుగు రోజుల్లో చెవి సర్దుకుంటుంది. మనుషులు చదివి పెట్టినవి దొరికితే మాత్రం వాటినే ముందు విను. వికీపీడియాలో కొన్ని వ్యాసాలను స్వచ్ఛంద సేవకులు తమ గొంతుతో చదివి ఉంచారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మనిషికి తెలుసు. వాటితో వచ్చే చిక్కు ఇంకొకటి. వ్యాసం మారుతూ పోతుంది, రికార్డింగు మారదు. ఏ తేదీ నాటి పాఠం చదివారో అక్కడే రాసి ఉంటుంది, అది చూడకుండా వినకు. 2006 ఆగస్టుకు ముందు చదివిన పాఠమైతే ప్లూటో ఇంకా గ్రహంగానే ఉంటుంది. శని ఉపగ్రహాల లెక్కలో 2025 మార్చిలో ఒక్కసారిగా 128 చేరి మొత్తం 274 అయింది. మునుపటి అంకె విన్నవాడు తాను తప్పు చెబుతున్నానని కూడా ఎరగడు.

కొత్తవాళ్ళు మొదటి నిమిషంలోనే బెదిరిపోతారు, నువ్వూ బెదిరిపోయి ఉంటావు. విజ్ఞాన సర్వస్వం వ్యాసంలో తొలి పేరాయే చెవికి అతి కష్టమైనది. పేరు, బ్రాకెట్లో ఇంకో భాషలో పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పదవులు, అన్నీ ఒకే వాక్యంలో కుక్కుతారు. కన్ను దాన్ని దాటేస్తుంది, చెవి దాటలేదు. దాన్ని పట్టుకోవాలని పెనుగులాడకు, పోనివ్వు. వ్యాసం మొత్తం విన్నాక వెనక్కి వచ్చి ఆ పేరా ఒక్కటి మళ్ళీ విను. ఇందాక రాళ్ళలా తగిలిన మాటలన్నీ తెలిసిన ముఖాలవుతాయి.

అన్ని వ్యాసాలూ చెవికి లొంగవు. జీవిత చరిత్రలు, యుద్ధాలు, కనుగొన్న వైనాలు, రోగాల చరిత్ర, ముందూ వెనకా ఉన్నదేదైనా బాగా వినబడుతుంది. గణితం వినకు. పట్టికలు, జాబితాలు వినకు. గుండె గదుల్లో రక్తం తిరిగే దారి బొమ్మ లేకుండా వింటే పద్మవ్యూహమే. పద్దెనిమిదో శతాబ్దంలో దిదెరో తన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి పదిహేడు సంపుటాల రాతతో సరిపెట్టుకోలేదు, బొమ్మలకే పదకొండు సంపుటాలు వేశాడు. మాటలు ఎక్కడ ఆగిపోతాయో ఆయనకు తెలుసు. చోట్ల పేర్లు వచ్చే వ్యాసమైతే వినేముందు ఒక్కసారి పటం చూడు. జావా, సుమత్రా దీవుల మధ్య ఇరుకు నీటిదారి కళ్ళకు కట్టాక క్రకటోవా వినడం వేరు.

వేగం గురించి నీతో వాదించను. తెలిసిన విషయమైతే ఎంత వేగంగానైనా విను. కొత్తదైతే మాత్రం మామూలు వేగమే. నడిచేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు వినవచ్చు. ఫోనులో ఎవరికో సమాధానం రాస్తూ వినడం మాత్రం వినడం కాదు. రెండు మాటల పనులను బుర్ర ఒకేసారి మోయదు. రోడ్డు దాటేటప్పుడు చెవుల్లోవి తీసెయ్యి, ఇది పెద్దమ్మ ఆజ్ఞ.

సాయంత్రం ఇల్లు చేరాక రెండు నిమిషాలు ఆ రోజు విన్న వ్యాసం పేజీ తెరిచి చూడు. రెండు పనులకు. పేర్లు ఎలా రాస్తారో కంటితో చూడకపోతే రేపు వాటిని వెతకలేవు. రెండోది, పేజీలో కొన్ని వాక్యాల పక్కన ఆధారం కావాలని గుర్తు ఉంటుంది. నీ చెవికి ఆ గుర్తు వినబడకపోవచ్చు. నిన్ను నోరు తెరిపించిన వాక్యం పక్కనే ఆ గుర్తు కనబడితే నలుగురికి చెప్పేముందు ఆగు. నా సంగతి చూశావుగా.

రోజుకు రెండు వ్యాసాలు చాలు. ఒకటి వెళ్ళేటప్పుడు కొత్తది. వచ్చేటప్పుడు వినేముందు పొద్దున్నదాన్ని తలుచుకో, ఆ తర్వాత దానిలోంచే పుట్టిన ప్రశ్నకు సంబంధించినది ఇంకొకటి విను. ఆదివారం ఏదీ వినకు, వారంలో విన్నవాటి పేర్లు కాగితం మీద రాసి ఒక్కోదాని పక్కన ఒక్క వాక్యం రాయి. ఖాళీగా మిగిలినవి మళ్ళీ వినాల్సినవి.

జవాబు రాసేటప్పుడు అరవై రెండు లెక్క వద్దు. ఇది చెప్పు: పడవ మీద సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు, రేవు నుంచి తెచ్చిన గడియారం పొద్దున్న తొమ్మిది చూపుతోంది. పడవ రేవుకు ఏ దిక్కున ఉంది, ఎన్ని డిగ్రీల దూరంలో ఉంది? ఫోనులో వెతకకుండా చెప్పాలి సుమా.

నీ
పెద్దమ్మ