తీగల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను. ఎలక్ట్రిక్ గిటార్‌కు తీగలు ఎలా ఎంచుకోవాలి, పాతవి తీసి కొత్తవి ఎలా వేయాలి అన్నది తెలుగులో రాద్దామనుకున్నావు చూడు, ఆ ఆలోచనే నాకు చాలా నచ్చింది. చిన్న ఊళ్లలో గిటార్ కొనుక్కున్న పిల్లలకు మొదటిసారి తీగ తెగితే ఏం చేయాలో చెప్పేవాళ్లు దొరకరు. కొన్నప్పుడు వచ్చిన తీగలనే తుప్పు పట్టేదాకా వాయిస్తుంటారు. నీ వ్యాసం వాళ్లకు చేరాలి. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నాకు కనిపించిన పెద్ద లోపం ఒక్కటే. సలహాలు ఉన్నాయి, వాటి వెనక కారణాలు లేవు. తీగల మందాన్ని బట్టి కొత్తవాళ్లకు 9 సెట్, రాక్‌కు 10, జాజ్‌కు 11 అని రాసేశావు. ఆ మాట షాపులో ఎవరైనా చెబుతారు. చదివేవాడి గిటార్ వేరు, వేళ్ల బలం వేరు, వాయించాలనుకున్న పాట వేరు. కారణం తెలిస్తే తనకు ఏది కావాలో తనే తేల్చుకుంటాడు. తెలియకపోతే నీ వ్యాసంలో లేని గిటార్ చేతికి వచ్చిన రోజు మళ్లీ ఎవరినో వెతుక్కోవాలి.

ఇక్కడ కారణం అంటే టెన్షన్, అంటే తీగ ఎంత బలంగా లాగుతోందన్నది. వ్యాసం దానితోనే మొదలుపెట్టు. 10 అంటే మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నదాని మందం ఇంచిలో వెయ్యికి పది వంతులని, దాదాపు పావు మిల్లీమీటరని చెప్పు. 9కీ 10కీ మధ్య తేడా ఇంచిలో వెయ్యో వంతే. కానీ ఒకే పొడవు, ఒకే శృతి ఉన్నప్పుడు టెన్షన్ తీగ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఆ చిన్న తేడాకే మొదటి తీగ లాగుడు దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది: 5.9 కిలోల నుంచి 7.3 కిలోలకు. ఆరు తీగలూ కలిపితే ఫెండర్ కంపెనీ గిటార్ స్ట్రాటోకాస్టర్ మీద 9-42 సెట్ (మొదటి తీగ 9, ఆరోది 42) దాదాపు 39 కిలోలు లాగుతుంది, 10-46 సెట్ దాదాపు 47 కిలోలు. ఇంచుమించు సిమెంటు బస్తా బరువును ఆ సన్నటి మెడ రాత్రీ పగలూ మోస్తోందన్నమాట. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే వ్యాసంలో ఆ తర్వాత నువ్వు చెప్పే ప్రతిదీ దానంతటదే అర్థమవుతుంది. మెడ ఎందుకు వంగుతుందో, తీగల కింది కొసలు ఆనే బ్రిడ్జ్ ఎందుకు లేస్తుందో, వేళ్లు ఎందుకు నొప్పెడతాయో విడివిడిగా చెప్పక్కర్లేదు.

స్కేల్ పొడవు, అంటే తీగ పలికే భాగం పొడవు గురించి నువ్వు అసలు రాయలేదు. రాయాలి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 25.5 ఇంచులు, గిబ్సన్ లెస్ పాల్‌లో దాదాపు 24.75. పొడవు తగ్గితే అదే తీగ, అదే శృతికి, ఇంకాస్త వదులుగా ఉంటుంది. తేడా ఆరు శాతం దాకా వస్తుంది. స్నేహితుడి లెస్ పాల్ మీద మెత్తగా అనిపించిన 10 సెట్ తన స్ట్రాటోకాస్టర్ మీద గట్టిగా ఎందుకుందో తెలియక తికమకపడే కుర్రాళ్లు ఎందరో.

కథలు కూడా చెప్పు, కానీ అలంకారానికి కాదు, కారణాన్ని చూపించడానికి. 1960ల మొదట్లో అమెరికాలో దొరికే సెట్లలో మూడో తీగ 29 మందంతో, పైన ఇంకో సన్నటి లోహపు తీగ చుట్టి ఉండేది. కాలిఫోర్నియాలో గిటార్ షాపు నడిపే ఎర్నీ బాల్ తన దగ్గర నేర్చుకునేవాళ్లు ఆ తీగను నొక్కలేక అవస్థపడటం చూశాడు. సన్నటి సెట్ తయారుచేయమని ఫెండర్‌ను అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 24 మూడో తీగతో తనే చేయించి అమ్మాడు. అంతకుముందు గిటారిస్టు జేమ్స్ బర్టన్ లాంటివాళ్లు బెండింగ్ (నొక్కిన తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) తేలిక కావడానికి గిటార్ మీద బాంజో తీగలు వేసుకునేవారు. నొప్పి పుట్టిన వేళ్ల నుంచే ఈ రోజు మనం వాడే సెట్లు వచ్చాయని చదివేవాడికి తెలియాలి. అప్పుడు 9 సెట్ వేసుకోవడానికి సిగ్గుపడడు.

బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 సెట్ వాడాడని రాశావు. అక్కడే ఆగిపోయావు. ఆయన గిటార్‌ను అరస్వరం కిందికి శృతి చేసేవాడు. దానితో టెన్షన్ పదకొండు శాతం దాకా తగ్గుతుంది. ఆ ముక్క చెప్పకపోతే ఎవడో పదిహేనేళ్ల కుర్రాడు 13 సెట్ వేసి వేళ్లు పాడుచేసుకుంటాడు. పక్కనే బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి కూడా పెట్టు. ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోయాక సన్నటి తీగలు వేసుకుని, తర్వాత శృతి కూడా దించుకుని వాయించాడు. ఆ వాయిద్యం నుంచి వచ్చిన శబ్దం ఎంత బరువైనదో లోకానికి తెలుసు. లావు తీగ ఉంటేనే బరువైన శబ్దం అన్న నీ వాక్యాన్ని ఈ ఒక్క ఉదాహరణ కొట్టేస్తుంది. దాన్ని తీసెయ్.

ఒక మాట గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, నాలుగు జతల తీగలుండే వాయిద్యాన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతం వాయించారు. తన సంగీతానికి తగ్గట్టు తీగల అమరిక మార్చుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. నీ పాఠకుడికి ఈ ఉదాహరణ దగ్గరగా ఉంటుంది.

లోహం గురించి రాసిన పేరాలో బ్రైట్, వార్మ్ అనే మాటలు ఎన్ని ఉన్నాయో చూసుకో. వాటితో పాఠకుడికి ఏమీ వినిపించదు. కొత్త తీగ మీటితే పిక్ తగిలిన చప్పుడు, పైస్థాయి ఝణఝణ స్పష్టంగా ఉంటాయి. వారాలు గడిచి చెమట, మురికి చుట్ల మధ్య చేరేకొద్దీ ఆ ఝణఝణ ముందు పోతుంది, తర్వాత శృతి నిలవదు. అలా రాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ చుట్టులో ఆ పైస్థాయి ఎక్కువ, పూర్తిగా నికెల్‌తో చేసిన చుట్టులో తక్కువ, నికెల్ పూత పూసిన స్టీల్ మధ్యలో ఉంటుంది, అందుకే ఎక్కువమంది దాన్నే వాడతారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి. అక్కడివాళ్లకు తుప్పు పట్టకుండా పైన పూత వేసిన తీగలు ఖరీదైనా గిట్టుబాటే. వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడిస్తే మామూలు తీగలూ ఎక్కువ రోజులు వస్తాయి.

ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో పెట్టాలి. అకూస్టిక్ సెట్ కొనకూడదు. తీగల కింద ఉండి వాటి కదలికను అందుకునే పికప్‌లో అయస్కాంతం ఉంటుంది, ఇనుము కదిలితేనే దానికి తెలుస్తుంది. కంచు చుట్టిన తీగలో లోపలి స్టీల్ తప్ప మిగతాది దానికి కనపడదు. చుట్టున్న తీగలు నీరసంగా, చుట్టులేని తీగలు గట్టిగా వినిపిస్తాయి. నైలాన్ అయితే అసలు పలకదు.

ఇక తీగలు మార్చే భాగం. ఇది కుర్చీలో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసినట్టుంది. గిటార్ ఒళ్లో పెట్టుకుని, కట్టర్ పక్కన పెట్టుకుని, ఒక్కో తీగ మారుస్తూ మళ్లీ రాయి. చేయి ఎక్కడ ఆగిందో అక్కడ నీ పాఠకుడి చేయీ ఆగుతుంది. మొదటి తీగ అంటే సన్నదని, వాయించేటప్పుడు అది కింద వైపు ఉంటుందని చెప్పలేదు. కొత్తవాడు తలకిందులుగా వేసే అవకాశం ఉంది. బిగువుగా ఉన్న తీగను కత్తిరించకూడదని, ముందు పూర్తిగా వదులు చేయాలని రాయలేదు. కంటికి తగిలితే ఏమవుతుందో నీకు తెలుసు. లెస్ పాల్ తరహా గిటార్‌కు తీగలన్నీ ఒకేసారి తీస్తే బ్రిడ్జ్ వెనక తీగల కొసలు పట్టుకునే టెయిల్‌పీస్ ఊడి పడి బాడీ మీద గీత పడొచ్చు. ఇలాంటివి చేస్తేనే తెలుస్తాయి.

తీగను ఎంత వదులు ఉంచి చుట్టాలో నువ్వు ‘తగినంత’ అన్నావు. తగినంత అంటే ఎంతో తెలియకే కదా అతను చదువుతున్నది! తన కీ (తీగ బిగించే మర) దాటి రెండో కీ దాకా వచ్చేంత పొడవు వదిలితే లావు తీగకు రెండు మూడు చుట్లు, సన్నదానికి ఇంకొకటి వస్తాయని రాయి. చుట్లు ఒకదాని కింద ఒకటి దిగాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పాతకాలపు ఫెండర్ కీలలో తీగ చుట్టుకునే పోస్టు మధ్య రంధ్రం ఉంటుంది, అక్కడ ముందే కత్తిరించి కొసను లోపలికి దించాలి. మాటల్లో చెప్పలేకపోతే ఫోటో తీసి పెట్టు.

శృతి చేసేటప్పుడు మొదటి తీగ తెగడానికి ఎక్కువసార్లు కారణం తీగ కాదు. ట్యూనర్ యాప్ మొదటి తీగకూ ఆరో తీగకూ ‘ఇ’ అనే చూపిస్తుంది. ఒకటి 329.6 హెర్ట్జ్, ఇంకోటి 82.4. సరైన ‘ఇ’ దాటిపోయిందని గమనించక పై స్థాయి కోసం బిగిస్తూ పోతారు. శృతి కుదిరాక తీగను వేళ్లతో మెల్లగా పైకి లాగి, మళ్లీ శృతి చేసి, ఇక దిగకుండా నిలిచేదాకా అలా చేయమని చెప్పు. ఈ పని చేయకనే కొత్త తీగలు నాసిరకం అని తిడతారు.

గేజ్ (తీగల మందం) మారితే ఇంకా మూడు చూసుకోవాలి. లావు తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందా, మెడ ముందుకు వంగిందా, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం అక్కడే నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌తో కలుస్తోందా. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే సాడిల్‌ను వెనక్కి, తగ్గితే ముందుకు జరపాలి. మెడ లోపల ఉండి దాని వంపు సరిచేసే ట్రస్ రాడ్ పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దని, చేయి తిరగనివాళ్లు తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లమని రాయి. అలా పంపడం నీ వ్యాసానికి తక్కువేం కాదు.

ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ గురించి చివర్లో నాలుగు వాక్యాలు పెట్టావు. అవి తీసెయ్. వెనక స్ప్రింగులు, ముందు తీగలు ఒకదాన్నొకటి లాగుతూ నిలబడే బ్రిడ్జ్ అది. దానికి విడిగా ఇంకో వ్యాసం కావాలి. ఇది సరిచేశాక అది మొదలుపెట్టు. రెండూ నాకు పంపు, ప్రతి వాక్యం గిటార్ మీద చేసి చూసి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య