కోడ్ సందేహాలు: విజిటర్ ఎక్కడ ఆగిపోయింది?

ప్రశ్న: డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ మొదట్లో రాసే వివరణ) రాయని ఫంక్షన్ల జాబితా తీయడానికి పైథాన్‌లో నోడ్‌విజిటర్ (కోడ్‌ను చెట్టుగా మార్చి చూసే ‘ఏఎస్‌టీ’ మాడ్యూల్‌లోని క్లాసు) మీద చిన్న టూల్ రాశాను. అందులో ‘విజిట్_ఫంక్షన్‌డెఫ్’ మెథడ్ ఒక్కటే ఉంది. మామూలు ఫంక్షన్లు, క్లాసుల్లోని మెథడ్లు దొరుకుతున్నాయి. ఫంక్షన్ లోపలి ఫంక్షన్లు, ‘ఎసింక్ డెఫ్’తో రాసినవి మాత్రం రావడం లేదు. ఎర్రరూ లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు పొరపాట్లు.

నోడ్ (చెట్టులో ఒక భాగం) చేతికి రాగానే నోడ్‌విజిటర్ దాని క్లాసు పేరుకు ముందు ‘విజిట్_’ తగిలించి, ఆ పేరుతో మీ దగ్గర మెథడ్ ఉందేమో చూస్తుంది. ఉంటే దాన్ని పిలుస్తుంది, లేకుంటే ‘జెనరిక్_విజిట్’ను పిలుస్తుంది. పిల్ల నోడ్లలోకి దిగే పని ఈ రెండోదానిదే. మీరు ‘విజిట్_ఫంక్షన్‌డెఫ్’ రాశారు కాబట్టి ఫంక్షన్ దగ్గర జెనరిక్_విజిట్‌కు పిలుపే లేదు. క్లాసులకు మీరేమీ రాయలేదు, అందుకే వాటిలోకి దిగి మెథడ్లను పట్టుకుంది. రేపు ‘విజిట్_క్లాస్‌డెఫ్’ కూడా రాసి ఊరుకుంటే ఆ మెథడ్లూ మాయమవుతాయి.

‘బిల్లు’ ఫంక్షన్ లోపల ‘తగ్గింపు’ ఉందనుకోండి. ముందు ‘గెట్_డాక్‌స్ట్రింగ్’కు నోడ్‌ను ఇవ్వండి. నన్ (ఏమీ లేదనే విలువ) వస్తే పేరు, లైను నంబరు రాసుకోండి. ఆఖరున ‘సెల్ఫ్.జెనరిక్_విజిట్(నోడ్)’ అనండి, తగ్గింపు కూడా దొరుకుతుంది. ఆ లైనులో పొరపాటున ‘సెల్ఫ్.విజిట్(నోడ్)’ కొట్టారో, అదే నోడ్ తిరిగి అదే మెథడ్‌కు వస్తూ రికర్షన్‌ఎర్రర్‌తో కూలుతుంది (పరిమితి మార్చకపోతే 1000).

జాబితాలో ‘బిల్లు.తగ్గింపు’ అని పూర్తి పేరు కావాలంటే ఒక లిస్టు పెట్టుకుని, దిగే ముందు పేరు చేర్చి, పైకి వచ్చాక తీసేయండి. తీసేసే లైను ‘ఫైనల్లీ’లో ఉండాలి. మధ్యలో ఎక్కడైనా రిటర్న్ అయితే పాత పేరు అతుక్కుపోయి, తర్వాతి పేర్లన్నీ తోకల్లా పెరుగుతాయి.

ఇక ఎసింక్. దానికి ‘ఎసింక్‌ఫంక్షన్‌డెఫ్’ అనే వేరే నోడ్ ఉంది, అది ఫంక్షన్‌డెఫ్‌కు వారసురాలు కాదు. మెథడ్ మళ్లీ రాయక్కర్లేదు. క్లాసులోనే ‘విజిట్_ఎసింక్‌ఫంక్షన్‌డెఫ్ = విజిట్_ఫంక్షన్‌డెఫ్’ అని ఒక్క లైను చాలు. పేరులో ఏ, ఎఫ్, డీ పెద్దక్షరాలు. అక్షరం తప్పినా పైథాన్ నోరెత్తదు, ఈ పద్ధతిలో అసలు చిక్కు అదే. అందుకే ముందుగా ఒక్కో రకం ఫంక్షన్ ఒకటి చొప్పున ఉన్న పది లైన్ల ఫైలు మీద నడిపి, లెక్క సరిపోయిందో చూడండి.

ప్రశ్న: ప్రింట్ కాల్స్ తీసేయడానికి నోడ్‌ట్రాన్స్‌ఫార్మర్ (చెట్టును మార్చే క్లాసు) వాడాను. ‘విజిట్_కాల్’ రాశాక ప్రోగ్రాం కంపైల్ కావడం లేదు, అక్కర్లేనివీ ఎగిరిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ట్రాన్స్‌ఫార్మర్‌లో మీరు తిరిగి ఇచ్చిందే చెట్టులో మిగులుతుంది. నన్ ఇస్తే నోడ్ పోతుంది. రిటర్న్ రాయడం మరిచినా నన్ ఇచ్చినట్టే, మీ దగ్గర మిగతా కాల్స్ ఎగిరిపోయింది దానివల్లే. ప్రింట్ కాని ప్రతి దారిలో ‘రిటర్న్ నోడ్’ ఉండాలి.

కంపైల్ గొడవ వేరు. ఒంటరి ప్రింట్ లైను ‘ఎక్స్‌ప్ర్’ నోడ్, దాని కడుపులో ‘కాల్’ ఉంటుంది. కాల్‌ను మాత్రమే పీకేస్తే ‘వేల్యూ’ లేని ఖాళీ ఎక్స్‌ప్ర్ మిగులుతుంది. కాబట్టి ‘విజిట్_ఎక్స్‌ప్ర్’ రాయండి. లోపలున్నది కాల్ అయి, దాని ‘ఫంక్’ ఒక ‘నేమ్’ అయి, ఐడీ ప్రింట్ అయితేనే ముట్టుకోండి. నేమ్ అవునో కాదో చూడకుండా ఐడీ అడిగితే ‘లాగ్.ప్రింట్’ లాంటి చోట ఎర్రరొస్తుంది, అక్కడ ఫంక్ ‘యాట్రిబ్యూట్’.

తీసేయడం కన్నా ‘పాస్’ నోడ్ పెట్టడం మేలు. ఒక్క ప్రింట్ మాత్రమే ఉన్న ఫంక్షన్ బాడీ ఖాళీ అయితే కంపైలర్ ఒప్పుకోదు. కొత్త నోడ్‌కు లైను నంబరుండదు, ‘కాపీ_లొకేషన్’తో పాతదానిది ఇవ్వండి.

ఫలితాన్ని, చెట్టును తిరిగి కోడ్‌గా మార్చే ‘అన్‌పార్స్’తో (పైథాన్ 3.9 నుంచి ఉంది) ఫైల్లోకి రాసే ఉద్దేశముంటే ఆగండి. చెట్టులో కామెంట్లే ఉండవు, అన్నీ పోతాయి. ఆ పనికి లిబ్‌సీఎస్‌టీ అనే లైబ్రరీ వాడండి. అందులోనూ విజిటర్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి, కామెంట్లూ ఖాళీలూ చెక్కుచెదరవు.