ఫౌజీ ఇంటికి వెళ్తున్న బిడ్డకు

బిడ్డా,

అల్లుడికి బఠిండాలో క్వార్టర్ అలాట్ అయిందని, దసరా కాగానే నిన్ను తీసుకుపోతాడని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగానే చెప్పింది కానీ, నకిరేకల్ నుంచి హైదరాబాద్ దాకా తప్ప ఎక్కడికీ పోని పిల్ల పంజాబ్‌లో ఎట్లా బతుకుతుందోనని ఆమెకు లోపల టెన్షన్ ఉంది. నీకూ ఉండే ఉంటుంది. మీ పెద్దనాయన ఫౌజ్‌లో, అంటే మిలిటరీలో, సుబేదార్‌గా రిటైర్ అయ్యేదాకా ఆయన వెంట నేనూ ఊరూరా తిరిగినదాన్ని. నాకు తెలిసినవన్నీ ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కూర్చొని రాస్తున్నా.

ముందు అసలు మాట చెప్తాను. అల్లుడు దగ్గర లేకపోతే ఆగిపోయే పని నీ ఇంట్లో ఒక్కటి కూడా ఉండొద్దు. పీస్ స్టేషన్ కదా, అంటే సరిహద్దుకు దూరంగా కుటుంబంతో ఉండే చోటు కదా, రోజూ సాయంత్రం ఇంటికొస్తాడని అనుకోకు. పీస్‌లో కూడా యుద్ధ శిక్షణ ఎక్సర్‌సైజ్ అంటారు, కోర్సు అంటారు, టీడీ అంటారు, అంటే కొన్నాళ్లు వేరే ఊళ్లో డ్యూటీ. పొద్దున చెప్పి రాత్రికి బ్యాగు సర్దుకొని పోతారు. రెండు మూడేళ్లకు మళ్లీ పోస్టింగ్, అది ఫీల్డ్ అయితే, అంటే సరిహద్దు లాంటి చోటైతే, నిన్ను తీసుకుపోయే వీలే ఉండదు. గ్యాస్, బ్యాంకు, ఆస్పత్రి, రేపు పిల్లల బడి, అన్నీ నీ చేతి మీద నడవాలి. ఆయన ఉన్నప్పుడు సాయం చేస్తాడు, అంతవరకే.

దీంట్లో అన్నిటికన్నా ముందు కాగితాలు. పెళ్లి పార్ట్ టూ ఆర్డర్ అయింది, అంటే అల్లుడి సర్వీసు రికార్డులో ఎక్కింది కాబట్టే క్వార్టర్ వచ్చింది, బాగుంది. కానీ అందులో నీ పేరు ఎట్లా రాశారో నువ్వు కళ్లతో చూశావా? మన దిక్కు ఆడపిల్ల పేరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. ఆధార్‌లో మొత్తం ఇంటిపేరు ముందుకొస్తుంది. పెళ్లయ్యాక బ్యాంకు వాళ్లు అత్తగారి ఇంటిపేరు తగిలిస్తారు. పుట్టిన తేదీ కూడా అంతే, బడిలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. మా పక్క ఊళ్లో ఒక ఫౌజీ భార్య ఉంది. ఆధార్‌లో ఆమె పేరు చివర ‘అమ్మ’ ఉంది, సర్వీసు రికార్డులో లేదు. భర్త ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పోయిన తర్వాత ఆ రెండు పేర్లూ తనవేనని రుజువు చేసుకోవడానికి ఆ వయసులో అఫిడవిట్లు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అప్పటిదాకా ఫ్యామిలీ పెన్షన్ చేతికి రాలేదు. నువ్వు ఇప్పుడే సరిచేసుకుంటే ఒక దరఖాస్తుతో పోతుంది. ఆర్డర్, ఆధార్, మెమో, బ్యాంకు పాస్‌బుక్ నాలుగింటిలోనూ స్పెల్లింగ్ అక్షరం అక్షరం ఒకటే ఉండాలి. రేపు బిడ్డ పుడితే బర్త్ సర్టిఫికెట్లో కూడా అదే పేరు పడాలి, బిడ్డ పేరు మీద కూడా పార్ట్ టూ ఆర్డర్ వెంటనే చేయించాలి.

నామినేషన్ల మాట కూడా ఎత్తాలి. పెళ్లికి ముందు గ్రూప్ ఇన్సూరెన్స్‌కు, ఫండ్‌కు మామూలుగా తల్లి పేరే రాసి ఉంటుంది. పెళ్లయ్యాక మార్చాలి. కొత్త కోడలు ఈ మాటెత్తితే ఇంట్లో మనసులు కష్టపెట్టుకుంటాయని చాలామంది నోరు మెదపరు. నువ్వు దాచిపెట్టి చేయించకు. అల్లుడే అత్తమ్మ, మామయ్య ముందు కూర్చొని మాట్లాడాలి. ఇన్సూరెన్స్‌లో ఇద్దరికీ వాటాలు రాయవచ్చు. కొడుకును కని పెంచిన తల్లికి కొంత రాస్తే తప్పేమీ లేదు, నేనైతే రాయమనే చెప్తాను. అందరికీ తెలిసి జరిగితే తర్వాత గొడవ ఉండదు. జీతం పడే అకౌంట్ జాయింట్‌గా మార్పించుకో. ఏటీఎం కార్డు నీ దగ్గర ఒకటి ఉండాలి, ఇల్లు నడపడానికి నెల నెలా ఆయన్ని అడిగే పని ఉండొద్దు.

ఈ కాగితాలన్నిటికీ జిప్ ఉన్న ఒక ఫైల్ పెట్టు. డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరూ కలిసి దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పోస్టింగ్ ఆర్డర్ల కాపీలు అందులో ఉండాలి. ఊరు మారేటప్పుడు ఆ ఫైల్ లగేజీలో వేయొద్దు, నీ భుజాన ఉన్న సంచిలోనే ఉండాలి.

ఇక ఇల్లు. క్వార్టర్ అప్పగించేటప్పుడు మార్చ్ ఇన్ అని చేస్తారు. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ట్యూబ్‌లైట్లు, గీజర్, మంచాలు, కుర్చీలు, అన్నీ రాసిన జాబితా మీద సంతకం తీసుకుంటారు. ప్రయాణం అలసటలో ఉంటారు కాబట్టి చాలామంది చూడకుండానే సంతకం పెడతారు. నువ్వు ప్రతి గదిలో స్విచ్ వేసి చూడు, నల్లా తిప్పి చూడు, బాత్రూం తలుపు గడియ పడుతుందో లేదో చూడు, పగిలిన అద్దం ఉంటే ఫోటో తీసి జాబితాలో రాయించు. ఖాళీ చేసే రోజు మార్చ్ అవుట్‌లో అదే జాబితా తీసి లెక్క చూస్తారు, తక్కువైనదానికి డబ్బు మీరే కట్టాలి. రిపేర్లకు ఎంఈఎస్ ఆఫీసులో, అంటే మిలిటరీ ఇళ్ల మరమ్మతులు చూసే ఆఫీసులో, కంప్లైంట్ రాయించి నంబర్ అడిగి తీసుకో. నంబర్ లేకుండా నోటితో చెబితే ఆ పని కాదు.

సామాను ట్రంకు పెట్టెల్లోనే పోతుంది. ప్రతి పెట్టెకు నంబర్ వేసి, మూత లోపల అందులో ఏముందో కాగితం అతికించు. ఒక పెట్టె మాత్రం వేరుగా సర్దు. కుక్కర్, రెండు గిన్నెలు, లైటర్, బియ్యం, కందిపప్పు, ఉప్పు, పసుపు, కారం, రెండు దుప్పట్లు, ఒక బల్బు, సుత్తి, మేకులు, బట్టలారేసే తాడు. సామాను ఎప్పుడు దిగినా, ఎన్ని గంటలకు ఇంట్లో అడుగుపెట్టినా, ఆ ఒక్క పెట్టె తెరిస్తే పప్పన్నం వండుకొని తిని పడుకోవచ్చు. గ్యాస్ కనెక్షన్ ఉన్న ఊరు వదిలేటప్పుడు సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి టర్మినేషన్ వోచర్ తీసుకో, డిపాజిట్ తిరిగిస్తారు. కొత్త ఊళ్లో ఆ వోచర్ చూపిస్తే కనెక్షన్ తొందరగా దొరుకుతుంది.

మీరు వెళ్లేది చలి మొదలయ్యే ముందు. డిసెంబర్, జనవరిలో అక్కడ పొగమంచుకు పక్క క్వార్టర్ కూడా కనబడదు, ఢిల్లీ దిక్కు రైళ్లన్నీ గంటల కొద్దీ లేటు. మన ఊళ్లో కొనే స్వెటర్ ఆ చలికి ఆగదు, రజాయిలు అక్కడే కొనుక్కోండి. ఇక్కడి నుంచి చింతపండు, కారం, జొన్నపిండి, తొక్కులు తీసుకుపో, మిగతావన్నీ దొరుకుతాయి.

హిందీ రాదని భయపడకు. నీ పక్కింటామె బిహార్ నుంచో, కేరళ నుంచో వచ్చి ఉంటుంది, ఆమెకూ మొదట్లో ఏదో ఒకటి రాలేదు. తప్పో ఒప్పో మాట్లాడు, ఇంట్లో ముడుచుకొని కూర్చోకు. వెల్ఫేర్ మీటింగ్ ఉంటే వెళ్లు. క్వార్టర్లలో ఉండే ఆడవాళ్లే నీకు అక్కాచెల్లెళ్లు. అర్ధరాత్రి జ్వరమొస్తే నిన్ను ఎంఐ రూమ్‌కు, అంటే యూనిట్ దవాఖానాకు, తీసుకుపోయేది వాళ్లే. ఒక్క జాగ్రత్త చెప్తాను. అక్కడ భర్తల ర్యాంకు చూసి మాట్లాడే వాళ్లు కొందరుంటారు. పెద్ద సాబ్ భార్య అని వెంటబడకు, కొత్త సిపాయి భార్య అని ఎవరినీ తక్కువ చేయకు. చీటీలు, చేబదుళ్ల జోలికి అసలే పోకు. పోస్టింగ్ వచ్చిందంటే వారంలో ఎవరు ఏ మూలకు పోతారో తెలియదు, ఇచ్చిన డబ్బు కోసం ఎక్కడికని పోతావు?

బతుకమ్మ మాత్రం మానకు. తంగేడు, గునుగు అక్కడ దొరకవు కానీ బంతిపూలు బండ్లకొద్దీ దొరుకుతాయి. స్టేషన్‌లో వేరే యూనిట్లలో మన పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ఆడవాళ్లు ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. వెతికి పిలువు.

ఫీల్డ్ పోస్టింగ్ వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మీరిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. దారులు రెండున్నాయి. ఒకటి, ఏదైనా స్టేషన్‌లో సపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్‌కు, అంటే ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల భార్యాపిల్లలకు ఇచ్చే ఇంటికి, దరఖాస్తు పెట్టడం. రెండోది, ఇంటికి రావడం. మన దిక్కు కోడలంటే ఇంటికే రావాలంటారు. నా అభిప్రాయం వేరు. చిన్నపిల్లలు బడిలో ఉంటే, లేదా నువ్వు గర్భంతో ఉంటే, మిలిటరీ ఆస్పత్రి దగ్గర ఉన్న క్వార్టర్ మంచిది. మనకు దగ్గరి మిలిటరీ ఆస్పత్రి సికింద్రాబాద్ తిరుమలగిరిలోనిదే, నల్లగొండ నుంచి నెలనెలా చెకప్‌కు బస్సులో పోయిరావడం చిన్న పని కాదు. మన ఊళ్లలో చాలామంది ఈసీహెచ్ఎస్ వైద్య పథకం ఉంది కదా అంటారు, అది రిటైర్ అయినవాళ్లకు. సర్వీసులో ఉన్నవాళ్ల భార్యాపిల్లలకు మిలిటరీ ఆస్పత్రే. అత్తమ్మకు ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఇంటికే రా. అప్పుడు నీ అవసరం ఇక్కడే ఉంటుంది.

ఆ ఫీల్డ్ కాలాన్ని ఖాళీగా పోనీయకు. నువ్వు బీఎడ్ చేద్దామనుకున్నదానివి. అది రెండేళ్ల కోర్సు, ఫీల్డ్ టెన్యూర్ కూడా దాదాపు అంతే. నల్లగొండలో ఉండి చదివితే అల్లుడు పీస్‌కు వచ్చేసరికి డిగ్రీ నీ చేతిలో ఉంటుంది. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు కంటోన్మెంట్లలో చాలాచోట్ల ఉన్నాయి, వాటి స్క్రీనింగ్ టెస్ట్ రాస్తే ఏ ఊరు పోయినా అడగడానికి ఒక దారి ఉంటుంది. ఈలోపు బఠిండా నుంచే ఇగ్నోలో ఎంకామ్ కట్టు. ఊరు మారితే రీజినల్ సెంటర్ మార్చుకోవచ్చు.

ఫీల్డ్‌లో సిగ్నల్ ఉండదు. రెండు మూడు రోజులు ఫోన్ రాకపోతే అక్కడ టవర్ లేదని అనుకో. చివరిసారి మాట్లాడినప్పుడు గొడవ పడ్డాం కదా అని మనసు పీక్కోకు, గొడవ పెట్టుకొని ఫోన్ పెట్టేసే అలవాటే చేసుకోకు. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు మన జిల్లాలో ఫౌజీలున్న ఇళ్లల్లో ఎవరికీ అన్నం దిగలేదు. టీవీల్లో ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పారు, వాట్సాప్‌లో ఎవరికి తోచింది వాళ్లు పంపారు. అట్లాంటి రోజు వస్తే టీవీ కట్టేయి. కబురు ఏదైనా ఉంటే ఫౌజ్ నుంచి నేరుగా ఇంటికే వస్తుంది. యూనిట్ క్లర్క్ నంబర్, రియర్ పార్టీ (యూనిట్ ఫీల్డ్‌కు పోయినప్పుడు వెనక ఉండేవాళ్లు) నంబర్, అక్కడే ఉన్న ఇంకో ఫౌజీ భార్య నంబర్ ఒక కాగితం మీద రాసి అత్తమ్మ వాళ్ల ఇంట్లో గోడకు అతికించు. మీ అడ్రస్, ఫోన్ నంబర్ మారినప్పుడల్లా యూనిట్ రికార్డులో మార్పించు. యూనిఫాం ఫోటోలు, ఏ ఊరికి ఎప్పుడు పోతున్నారన్నది ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. 2020లోనే ఫౌజ్, సమాచారం బయటికి పోతుందని, 89 యాప్‌లు ఫోన్ల నుంచి తీసేయమంది, ఊరికే అనలేదు.

సెలవు గురించి ఒక మాట. ఏడాదికి 60 రోజులు యాన్యువల్, 30 రోజులు క్యాజువల్ ఉంటుంది, అడిగినప్పుడే దొరుకుతుందని లేదు. అల్లుడు ఇంటికి రాగానే పట్టాదారు పాస్‌బుక్ పని, బోరు రిపేర్, చుట్టాల పెళ్లిళ్లు, అన్నీ ఆయన నెత్తిన పడతాయి. మండల ఆఫీసు పనులు నువ్వు, మామయ్య కలిసి ముందే పూర్తి చేయండి. వచ్చిన మొదటి రెండు రోజులు ఆయన్ని పడుకోనివ్వండి.

పిల్లల సంగతి తర్వాత చెప్పొచ్చు కానీ రెండు ముక్కలు రాస్తాను. కేంద్రీయ విద్యాలయంలో సీటుకు గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని బదిలీలయ్యాయో చూస్తారు, అందుకే పోస్టింగ్ ఆర్డర్లు దాచమన్నాను. ఒకసారి చేరితే ఊరు మారినా టీసీ మీద ఇంకో కేవీలో చేర్చుకుంటారు, నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో కూడా ఉన్నాయి. పై చదువులకు మన రాష్ట్రంలో స్థానికత లెక్క ఉంది, ఫౌజీ పిల్లలకు క్యాప్ కోటా అని వేరే సీట్లు ఉన్నాయి. ఆ రూల్స్ మారుతూ ఉంటాయి, పిల్లలు ఎనిమిదిలో ఉండగానే కనుక్కోవాలి. తెలుగు చదవడం, రాయడం మాత్రం నువ్వే ఇంట్లో నేర్పాలి, అక్కడ బడిలో నేర్పరు.

ఈ ఆదివారం మీరిద్దరూ మా ఇంటికి రండి. ఆధార్, మెమో, పాస్‌బుక్ తీసుకొని రా, అల్లుడిని పార్ట్ టూ ఆర్డర్ కాపీ తెమ్మను. మీ పెద్దనాయన నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తానన్నారు. మా నల్ల ట్రంకులు రెండు అటక మీద ఉన్నాయి, గట్టివి, తాళాలు కూడా బాగున్నాయి. కిందికి దింపి తుడిపించి పెడతాను. పాత పేరు మీద పెయింట్ వేసి అల్లుడి ఆర్మీ నంబర్, పేరు రాయించుకోండి. ఉసిరికాయ తొక్కు కూడా పెట్టిస్తాను, నూనె కారకుండా మూత బిగుతుగా ఉండే స్టీల్ డబ్బా ఒకటి తెచ్చుకో.

మీ పెద్దమ్మ