బార్ ముట్టుకోకముందే ఆలోచన అయిపోవాలి

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో "మావయ్యా, బార్ బాగానే లేస్తోంది, దాని కిందికి దూరాలంటేనే భయమేస్తోంది" అన్నావు. ఆ మాట బయటపెట్టడానికి ఎంత నలిగిపోయావో నీ గొంతులోనే తెలిసింది. నీ వెయిట్‌లిఫ్టింగ్ సంగతి ఫోన్‌లో సగం సగం చెప్పాను. రాసి పంపితే కావలసినప్పుడు చూసుకుంటావని రాస్తున్నాను.

స్నాచ్‌లో, అంటే బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడంలో, 55 కిలోలు హాయిగా ఎత్తే పిల్ల 60 దగ్గర ఆగిపోతోందంటే ధైర్యం లేదని కాదు. బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌లో బరువు నొక్కేసినా పళ్లు బిగించి మెల్లగా లేవచ్చు. మనసు ఒక క్షణం తడబడినా సర్దుకునే వీలుంటుంది. స్నాచ్‌లో ఆ వీలు లేదు. బార్ నేల వదిలాక నువ్వు దాని కింద కూర్చోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ మధ్యలో "దూరనా, వద్దా" అనుకున్నావంటే అప్పటికే ఆలస్యం. అందుకని ఆలోచించాల్సిందంతా చెయ్యి బార్ మీద పడకముందే అయిపోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా అది ఎలా చెయ్యాలన్నదే.

అసలు అది భయమో అలసటో ముందు తేల్చుకో. పరీక్షలకని రాత్రి రెండింటిదాకా చదివి పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్తున్నావట, అత్తయ్య చెప్పింది. అలాంటి రోజున 40 కిలోలే బద్ధకంగా లేస్తే నీ మనసును తిట్టుకోకు. బరువు తగ్గించి, పని ముగించి, ఇంటికెళ్లి పడుకో. మణికట్టులోనో భుజంలోనో సూదితో పొడిచినట్టు నొప్పి ఉంటే పంతం పట్టకు, వెంటనే కోచ్‌కి చెప్పు. "అంతా మైండ్‌లోనే ఉంది" అనే మాట నాకు నచ్చదు. ఒంటి బాధను మనసు బలహీనత అనుకుని భుజాలు పాడుచేసుకున్న పిల్లల్ని చూశాను.

నిద్ర సరిపోయి, నొప్పి లేకుండా కూడా దూరలేకపోతున్నావనుకో. అప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. బార్‌ను వదిలేయడం నీకు ఎవరైనా నేర్పారా? చాలామందికి నేర్పరు. ఎత్తడమే నేర్పుతారు. ముందుకు పడబోతే చేతులతో నెట్టేసి వెనక్కి గెంతాలి. వెనక్కి పోతుంటే పట్టు వదిలి ముందుకు గెంతాలి. రబ్బరు ప్లేట్లు వేసి, 25, 30 కిలోలతో, కోచ్ పక్కనుండగా వారం రోజులు ఇదే చెయ్యి. బయటికొచ్చే దారి ఒంటికి తెలిస్తే లోపలికి దూరడానికి అది మొరాయించదు. నీ భయంలో సగం ఇక్కడే పోతుందని నా నమ్మకం.

ఇక బార్ దగ్గరికి వెళ్లే పద్ధతి. నువ్వు పోయినసారి పంపిన వీడియోలు చూశాను. 40 కిలోలకు మాట్లాడుతూ వెళ్లి పట్టేస్తున్నావు. 60 రాగానే నాలుగుసార్లు చేతులకి చాక్ పొడి రాసుకుంటున్నావు, బెల్టు సర్దుకుంటున్నావు, బార్ చుట్టూ తిరుగుతున్నావు. అంటే "ఇది వేరే, ఇది ప్రమాదం" అని నీకు నువ్వే చెప్పుకుంటున్నావు. 15 కిలోల ఖాళీ బార్‌కి కూడా 60కి వెళ్లినట్టే వెళ్లు. చాక్ ఒక్కసారి. ఎదురుగోడ మీద ఒక చుక్క ఎంచుకో. పాదాలు, తర్వాత బొటనవేలు లోపలికి పెట్టి హుక్ గ్రిప్, ఒక నిండు శ్వాస, లేపు. రోజూ ప్రతి సెట్‌కీ ఇదే వరస, ఇదే వేగం. నెల తిరిగేసరికి కాళ్లే నిన్ను తీసుకెళ్తాయి, 60 దగ్గర నువ్వు కొత్తగా నిర్ణయించుకోవలసింది ఏమీ మిగలదు.

ఆ శ్వాస తర్వాత మనసులో ఒకే ఒక్క మాట ఉండాలి. మోచేతులు, నడుము, మడమలు, చూపు అన్నీ ఒకేసారి గుర్తుచేసుకుంటే ఏదీ జరగదు. ఆ తప్పులు దిద్దుకోవడానికి తేలిక బరువుల రోజులున్నాయి. బరువైన రోజున ఒంటి భాగాల గురించి కాకుండా నువ్వు ఎటు వెళ్లాలో చెప్పే మాట పెట్టుకుంటే మంచిది. నీకైతే "కిందికి!" అన్నది సరిపోతుందనుకుంటున్నాను. వేరే మాట కుదిరితే అదే పెట్టుకో, వారానికొకటి మాత్రం మార్చకు.

చెంపలు వాయించుకోవడం, అరవడం, అమ్మోనియా వాసన చూడటం నీకిప్పుడు వద్దు. నేల మీది బార్‌ను నిలబడి తొడల దాకా లేపే డెడ్‌లిఫ్ట్‌కి ఆ ఆవేశం కొందరికి పనికొస్తుందేమో. స్నాచ్‌కి అది ఎక్కువైతే బార్‌ను తొందరపడి లాగేస్తావు. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఫోన్‌లో రీల్స్ కూడా వద్దమ్మా. నీ లిఫ్ట్ వీడియో ఒక్కసారి చూసుకుని ఫోన్ బ్యాగులో పడెయ్యి.

పోటీ సంగతికొస్తే, నా ఇరవై ఒకటో ఏట ఒక రాష్ట్ర పోటీలో పక్కవాడి బరువు చూసి నా మొదటి బరువు పెంచి రాయించాను. ప్రాక్టీసులో ఒకే ఒక్కసారి ఎత్తిన బరువు అది. మూడు ప్రయత్నాలూ పోయాయి. స్నాచ్‌లో మూడూ పోతే, స్నాచ్‌నీ క్లీన్ అండ్ జెర్క్‌నీ (బార్‌ను ముందు భుజాలకి, తర్వాత తలపైకి ఎత్తడం) కలిపే టోటల్ లేదు, పోటీ అక్కడితో సరి. ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. నీ మొదటి బరువు జలుబు చేసిన రోజున కూడా ఎత్తగలిగినదై ఉండాలి. ఎవరు నవ్వినా సరే. పేరు పిలిచాక 60 సెకన్లు ఇస్తారు, 30 మిగిలాయనగా గంట మోగుతుంది. ఆ గంటకు ఉలిక్కిపడకుండా ఇప్పటినుంచే ఒక నేస్తం చేత టైమ్ పెట్టించుకుని ప్రాక్టీసు చెయ్యి.

మన ఆమదాలవలస మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 స్నాచ్, 130 క్లీన్ అండ్ జెర్క్, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. చివరి ప్రయత్నంగా 137.5 అడిగారు, అది నిలబడలేదు. నిలబడితే బంగారమే. జనం ఇప్పటికీ ఆ ఒక్క లిఫ్ట్ గురించి మాట్లాడతారు. నేను మాత్రం ఆ 110నీ 130నీ చూడమంటాను. పతకం ఇచ్చింది అవే. మీరాబాయి చాను 2016లో రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడూ పోగొట్టుకుని టోటల్ లేకుండా వెనక్కొచ్చింది. మరుసటి ఏడాదే ప్రపంచ చాంపియన్ అయింది. టోక్యోలో 202 కిలోలతో వెండి గెలిచింది. పడిన బరువు దగ్గరికి మళ్లీ నడిచి వెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

నువ్వూ పడేస్తావు. ఒకే బరువు రెండుసార్లు పడితే మూడోసారి ప్రయత్నించకు. 50కి దిగి, ఒకటి శుభ్రంగా ఎత్తి, ఆ మంచి లిఫ్ట్‌తోనే ఆ రోజుకి ఆపెయ్. రాత్రి నోటుబుక్కులో ఎంత బరువు, ఎలా లేచింది, చెయ్యి వేసేముందు ఏమనుకున్నావు అన్నది రెండు లైన్లు రాసుకో. మూడోదే నాకు ముఖ్యం.

ఈ వారమంతా 60 ముట్టుకోకు. వదిలేయడం నేర్చుకో, ఖాళీ బార్ దగ్గరికి నడవడం నేర్చుకో. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, నోటుబుక్కు పక్కన పెట్టుకుని కూర్చో.

మీ మావయ్య