కోడిపిల్లలు నోరు తెరుచుకుని చనిపోతుంటే ముందు ఊక వాసన చూడండి

"మా నాటుకోడి పిల్లలు నోరు తెరుచుకుని ఒక్కొక్కటే చనిపోతున్నాయి. బూజు వల్ల అంటున్నారు. బూజు అంటే చర్మం మీద తామరలా వచ్చేదే కదా, ప్రాణం తీస్తుందా? మనుషులకు అంటుకుంటుందా?" అని మీరు అడిగారు.

తీస్తుంది. మా షెడ్డులో 630 పిల్లల ప్రాణం తీసింది.

మాది సిద్దిపేట వైపు. 4,000 బ్రాయిలర్ కోళ్ళ షెడ్డు. పిల్లలు, దాణా కంపెనీ ఇస్తుంది. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ మావి. మూడేళ్ళ క్రితం శ్రావణ మాసంలో బ్యాచ్ దిగే ముందు రోజు మిల్లు నుంచి ఊక తెచ్చాం. ముసురు పట్టి ఉంది. లోడు మీద పట్టా కప్పే ఉంది కానీ అడుగు సంచులు చెమ్మగా ఉన్నాయి. ముట్టుకుంటే లోపల వెచ్చగా కూడా తగిలింది. పిల్లల బండి వచ్చేస్తోందన్న టెన్షన్‌లో అదే పరిచేశాం.

మూడో రోజు 18 పోయాయి. నాలుగో రోజు 45. ఐదో రోజు తెల్లవారేసరికి 90 దాటాయి. పిల్ల మెడ పైకి చాచి, నోరు తెరిచి, తోక ఊపుతూ గాలి కోసం కొట్టుకుంటుంది. కాసేపటికి కళ్ళు మూసి పక్కకు ఒరుగుతుంది. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి సీఆర్‌డీ (కోళ్ళకు బ్యాక్టీరియాతో వచ్చే ఊపిరి జబ్బు) అన్నాడు, యాంటీబయాటిక్ నీళ్ళలో కలపమన్నాడు. మూడు రోజులు కలిపాం. చావులు ఒక్కటి తగ్గలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఎందుకంటే సీఆర్‌డీ అయితే రాత్రి షెడ్డులో నిలబడితే గరగర వినిపిస్తుంది. ఇక్కడ బ్రూడర్ (పిల్లలకు వేడి ఇచ్చే చోటు) బల్బు కింద కూర్చుని చెవి పెట్టి విన్నా ఏ చప్పుడూ లేదు. పిల్లలు మాత్రం ఊపిరాడక అల్లాడుతున్నాయి.

మా మండలంలో రిటైరైన పశువుల డాక్టర్ గారు ఒకాయన ఉన్నారు. మా నాన్న వెళ్ళి బండి మీద తీసుకొచ్చారు. ఆయన అప్పుడే చచ్చిన పిల్లను చెక్క మీద పెట్టి కోశారు. ఊపిరితిత్తుల నిండా ఆవగింజలంత పసుపు తెలుపు గడ్డలు. పక్కన గాలి సంచి పొర మీద పాత ఊరగాయకు పట్టినట్టు బూడిద పచ్చ బూజు. చనిపోయిన పిల్ల లోపల బూజు మొలిచి ఉండటం అదే మొదటిసారి చూశాను. ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆయన చెయ్యి కడుక్కుని, కింద నుంచి గుప్పెడు ఊక తీసి వాసన చూసి, "ఇది మందులతోటి పోయేది కాదు బిడ్డా, ముందు ఈ ఊక ఎత్తిపొయ్యి" అన్నారు.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్. పిల్లల్లో వస్తే బ్రూడర్ న్యుమోనియా అంటారు. తడిసి వేడెక్కిన ఊక, గడ్డి, దాణా దానికి ఇల్లు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు, అది దానికి హాయి. కోడికి ఊపిరితిత్తులతో ఆగకుండా ఒళ్ళంతా గాలి సంచులు ఉంటాయి, అందుకే పీల్చిన బూజు పొడి లోపలి దాకా పోతుంది. ఇది కోళ్ళ ఒక్కదాని బాధ కాదు. జూలలో పెంగ్విన్లు, వేటకు పెంచే డేగలు దీనితోనే పోతుంటాయి. అసలు 1863లో జర్మనీలో ఫ్రెసేనియస్ అనే ఆయన ఈ బూజును గుర్తించి పేరు పెట్టింది గ్రేట్ బస్టర్డ్ అనే పెద్ద పిట్ట ఊపిరితిత్తుల్లో చూసే. మన కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యంలో కాపాడాలని తపించిన బట్టమేక పిట్టకు దగ్గరి చుట్టం అది.

పశువులకూ వస్తుంది. బూజు గడ్డి తిన్న చూడి ఆవులు, గేదెలు ఈడ్చుకుపోవడానికి (కడుపు పోవడానికి) ఈ బూజు కూడా ఒక కారణం. మా పక్కింటి వాళ్ళ గేదె ఏడో నెలలో ఈడ్చుకుపోతే దిష్టి అన్నారు. వాళ్ళ గడ్డివాము అడుగు నల్లగా కుళ్ళి ఉండటం నేను చూశాను. పరీక్ష ఎవరూ చేయించలేదు, అయినా నా నమ్మకం అదే.

మేం ఆ రాత్రే పిల్లలను సగం సగం జరిపి ఊకంతా ఎత్తిపోశాం. మూతికి తడిగుడ్డ కట్టుకున్నాం. పొడి ఊక పరిచి, పరదాలు పైన కొంచెం దించి గాలి ఆడనిచ్చాం. డాక్టర్ గారు మైలుతుత్తం రెండు లీటర్ల నీళ్ళకు ఒక గ్రాము లెక్కన ప్లాస్టిక్ డ్రింకర్లలో ఇప్పించారు. ఎక్కువైతే అదే విషం, కాబట్టి సొంతంగా కలపకండి. అప్పటికే జబ్బుపడినవి బతకలేదు. కొత్తగా పడటం మాత్రం వారంలో ఆగింది. ఊక మార్చడమే కాపాడింది, మిగతాదంతా తోడు.

కంపెనీ ఆ చావులన్నీ మా ఖాతాలో వేసి కమిషన్ కోసింది. దానికి బాధ లేదు, ఊక మాది. మూడు రోజులు యాంటీబయాటిక్ పోయించారు చూడండి, దానికి ఇప్పటికీ కడుపు మండుతుంది. బూజు మీద అది పనిచేయదు. ఒక్క పిల్లను మొదటి రోజే కోసి చూసి ఉంటే వందల ప్రాణాలు మిగిలేవి. వానాకాలంలో మొదటి వారం చావుల్లో చాలా వాటికి ఊక పాపమేనని నా నమ్మకం. మా వైపు ఎవరూ ఊక వాసన చూడరు, మందుల షాపుకు పరిగెడతారు.

మనుషుల సంగతి. పిల్ల నుంచి పిల్లకు, పిల్ల నుంచి మనకు అంటుకోదు. కానీ అదే ఊక దుమ్ము మనమూ పీలుస్తాం. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ఎవరిని పట్టిందో గుర్తుందిగా, షుగర్ ఉన్నవాళ్ళను, స్టెరాయిడ్లు వాడినవాళ్ళను. అది వేరే బూజు, దారి మాత్రం ఇదే, ముక్కు. మా అమ్మకు షుగర్ ఉంది, ఆ రోజు నుంచి ఆమెను ఊక ఎత్తే పనికి రానివ్వడం లేదు.

మీ పిల్లల కింద ఏం పరిచారో చెప్పలేదు. ఊకా, రంపపు పొట్టా, గడ్డా? మూతికి గుడ్డ కట్టుకుని అడుగు నుంచి గుప్పెడు తీసి చూడండి. ముక్కిపోయిన వాసన, ముద్దకట్టడం, దులిపితే పొగలా లేవడం, వీటిలో ఏది ఉన్నా ఈ రాత్రికే మార్చేయండి. రేపు పొద్దున ఒక చచ్చిన పిల్లను కవర్లో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళి, మందు రాయించుకునే ముందు కోసి చూడమని అడగండి.